వెయ్యింట పదిహేను

అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు.
పాయింట్లు అంత తెరుచుకుంటే చాలు,
అవతల ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది.
రవ్వంత ఎక్కువైతే బండి దగ్గుతుంది,
తక్కువైతే పలకనే పలకదు.
నాకిది నేర్పినవాడు డిక్రూజ్ దొర,
పెరంబూరు షెడ్డు నుంచి ముప్పై ఏళ్లు రైళ్లు తోలి
చూపు మసకేశాక ఈ హెరాల్డ్‌ని నాకు అమ్మిన మనిషి.
కొలతబిళ్ల దొరక్కపోతే
సిగరెట్ పెట్టె అట్టముక్క దూర్చి చూసుకో అన్నాడు.
నేనా, కార్పొరేషన్ బళ్లో లెక్కల టీచర్ని.
కిళ్లీకొట్టు ముందు ఖాళీ పెట్టెలు ఏరుకుంటుంటే
ఏడో తరగతి మొత్తం చూసింది.
ఆ కథ వేరు.

కార్తీకం ముసుర్లో ఈ కారుకు ప్రతి పొద్దూ అలకే.
ఇస్త్రీ బండి మునిరత్నం పెట్టె దించి వచ్చేవాడు,
పాల ప్యాకెట్ల సెల్వి చెంగు దోపుకునేది,
ఎదురు మేడ ఫైజల్ కాలేజీ సంచీ నా ఒళ్లోకి విసిరేవాడు.
ఒన్ను, రెండు, మూణు!
రెండో గేరులో క్లచ్ వదిలితే
వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర
బండికి ప్రాణం లేచొచ్చేది.
అద్దంలో ముగ్గురూ నడుం మీద చేతులేసుకుని
చిన్నవైపోతుండేవారు.

పుదుపేట ఎత్తిరాజులు నాలుగు రోజులన్నాడు,
పదకొండు పట్టింది.
వెనక కమాను విప్పి ఆకులు ఒక్కొక్కటే నేల మీద పరిచాడు.
"ఇది చూడండి, ఎప్పుడో విరిగిపోయి ఉండాది."
నాలుగో ఆకు. విరిగిన చోట తుప్పు పాతది.
మిగతావి దాన్ని నడుమన దాచుకుని
నన్నూ నా దిద్దుబాటు పేపర్ల కట్టల్నీ
ఎన్నేళ్లు మోశాయో.
కొత్త ఆకు, కొత్త బుష్‌లు, కొత్త షాకులు.
పాయింట్లూ కండెన్సరూ తీసేసి
అగ్గిపెట్టెలో సగమంత నల్లబిళ్ల బిగించాడు.
"ఇంక ఇందులో అరిగేది లేదమ్మా,
గాలికీ వానకీ అలిగేది లేదు."
అరగనిదాన్ని ఎలా బాగుచేసుకోవాలి
అని అడగబోయి ఊరుకున్నాను.
బిల్లు చూసి ఎలాగూ నోరు పెగల్లేదు.

మర్నాడు తాళం సగం తిరిగిందో లేదో
ఇంజను అందుకుంది.
చేతిలో ఇస్త్రీపెట్టెతో రెండడుగులు వచ్చిన మునిరత్నం
అక్కడే ఆగిపోయాడు.
నిజం చెప్పాలి, సుఖంగా ఉంది.
వంతెన దిగే మలుపులో వెనక చక్రాలు
తడిసిన కోడిలా కాళ్లు ముడుచుకోవడం లేదు.
నడుంనొప్పి బిళ్లలు మానేశాను.
బ్యారక్స్ రోడ్డులో ఏ గుంట ఎవరి గుమ్మం ముందో
వెన్నుపూసతో చెప్పగలిగినదాన్ని,
ఇప్పుడు కళ్లతో వెతుక్కుంటున్నాను.

"బ్యాటరీ బాగానే ఉందా టీచరమ్మా?"
మునిరత్నం రోజూ అడుగుతాడు.
బాగానే ఉందంటాను, ఏదో తప్పు చేసినట్టు.

మొన్న వానకి
డ్రైనేజీ వాళ్లు తవ్వి సగం పూడ్చిన గోతిలో
అతని బండి చక్రం దిగబడింది.
పైన బొగ్గుల పెట్టె, ఎవరివో పెళ్లి పట్టుచీరలు.
కారు ఆపేసి దిగాను.
డిక్కీలో ఆ విరిగిన ఆకు ఉంది,
పారేయమంటే నేనే పారేయనివ్వలేదు.
దాన్ని చక్రం కింద దూర్చి
ఫైజల్ ఒక పక్క, సెల్వి ఒక పక్క,
నా చెప్పు ఒకటి బురదకు వదిలేసి
ఒన్ను, రెండు అని నేనే లెక్కపెట్టాను.
మూణు అనకముందే లేచింది.

ఆ ఇనుప ముక్క ఇప్పుడు మునిరత్నం దగ్గరే ఉంది.
పొద్దున్నే బండి జారకుండా చక్రానికి అడ్డం పెడతాడు.
పాత పాయింట్లు మాత్రం నా కారు సొరుగులో,
గుడ్డలో చుట్టి,
పక్కన సిగరెట్ అట్టముక్క.
నల్లబిళ్ల మీద నమ్మకం లేక కాదు.
వెయ్యింట పదిహేను
నా వేళ్లు మరిచిపోతాయేమోనని.